పీకిన పెంకులు

డెబ్బైల చివర్లో మేము డోర్నకల్‌లో ఉండేవాళ్లం. మా వారిది రైల్వే ఉద్యోగం. లోను తీసుకుని కట్టుకున్న పెంకుటింటికి బీమా తప్పనిసరి అంటే చేయించారు. ఆ పాలసీలో ఏముందో మేమిద్దరం ఎప్పుడూ చదివిన పాపాన పోలేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం పక్కింటి యాకమ్మ గుడిసె అంటుకుంది. గాలికి మంట మా వంటింటి మీదికి వాలుతుంటే, ఆమే మా కప్పెక్కి పెంకులు, వాసాలు పీకి పారేసింది. మంట అక్కడితో ఆగింది. ఆమె గుడిసె మాత్రం బూడిదైంది.

కొన్నాళ్లకు నష్టం చూడటానికి బీమా ఆఫీసరు వచ్చాడు. "పీకినమంటే పైసలు రావట. కాలిందనే చెప్దాం" అని మా వారు నా చెవిలో అన్నారు. నేను జవాబు చెప్పేలోపే, మా మీద కేసవుతుందని భయపడిందేమో, యాకమ్మ ముందుకొచ్చింది.

"అది కాలలే సారూ, నేనే పీకిన. పట్టుకపోతే నన్ను పట్టుకపోండ్రి. అక్కోళ్లను ఏమనొద్దు."

ఆఫీసరు నవ్వాడు. "మంట ఆపడానికి పీకింది కూడా అగ్ని నష్టం కిందికే వస్తుందమ్మా. వీళ్లకు డబ్బు వస్తుంది."

యాకమ్మకు ప్రాణం లేచివచ్చింది. "అయితే జర మా గుడిసె గూడ రాసుకోండ్రి సారూ!"

ఆయన పాలసీ కాగితం మీద మా ఇంటి నంబరు చూపించి, "ఇది ఈ ఇంటికొక్కదానికేనమ్మా" అన్నాడు.

ఆ కాగితం ఎవరి గోడ దాకా వస్తుందో నాకు అప్పుడు అర్థమైంది. వంటింటికి కొత్త పెంకులు వేయించాం. యాకమ్మ గుడిసె మళ్లీ లేచేదాకా ఆ కప్పు కిందే ఆమె పొయ్యి కూడా వెలిగింది.