సుగుణా, నేనూ, కూర్చున్న జడ్జిగారూ

గుర్రపు స్వారీ పోటీలో పరువు పోగొట్టుకోవడానికి చాలా మార్గాలున్నాయి. కింద పడొచ్చు. గుర్రం మొరాయించొచ్చు. దారి తప్పి టీ కొట్టు వైపు పోవచ్చు. నేను వీటిలో ఏదీ చెయ్యలేదండీ. నా పరువు శుద్ధ మర్యాద వల్ల పోయింది. పొగరుతో చెడినవాళ్ళు లోకంలో బోలెడు మంది. సంస్కారంతో చెడినదాన్ని చూడాలంటే నా దగ్గరికే రావాలి.

దీనికంతటికీ మూలపురుషుడు మా తాతగారు.

మాది రాజోలు దగ్గర కాలవగట్టు మీదున్న ఊరు. తాతగారు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్ళో సగం మందికి ఆయన బెత్తం స్వయంగా తెలుసు, మిగతా సగానికి వాళ్ళ నాన్నలు చెప్పగా తెలుసు. పొద్దున్నే తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని, చర్చి ఎదురుగా మా వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఎవరొచ్చినా లేవరు. ఓట్లడగడానికి ఎమ్మెల్యేగారొస్తే, "కూర్చో బాబూ, నీకు ఎక్కాలు చెప్పింది నేనే కదా" అన్నారు గానీ లేవలేదు. ఆ కుర్చీ ముందుకొచ్చేసరికి సైకిలు మీద వెళ్ళేవాళ్ళు దిగి, నడిపించుకుంటూ దాటి, అవతల మళ్ళీ ఎక్కేవారు. రోడ్డు అదిరిపోయేలా బండి నడిపే కుర్రాళ్ళు కూడా అక్కడ ఇంజను ఆపి తోసుకుంటూ పోయేవారు.

ఇక నా సంగతి. నాకు చిన్నప్పట్నుంచీ గుర్రాల పిచ్చి. పోరగా పోరగా, ఇంటర్ పాసయ్యాక నాన్న రామచంద్రపురంలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే సత్తిబాబుగారి దగ్గర ఒక ఎర్రటి ఆడగుర్రాన్ని కొన్నారు. టపాకాయల మోతకి బెదిరిపోయి, బాసికంతో సహా ఒక పెళ్ళికొడుకుని కొబ్బరితోటలోని బోదె కాలవలో పడేసిందట. అందుకని ఆయన దాన్ని వదిలించుకున్నాడు. తాతగారు దానికి సుగుణ అని పేరు పెట్టారు.

"ఆ పేరుతో పిలవగా పిలవగా గుణం అదే వస్తాదమ్మా" అన్నారు.

వచ్చింది. నా కొంప మునిగింది కూడా ఆ గుణంతోనే.

మొదటిరోజు ఠీవిగా సుగుణ మీద కూర్చుని గుమ్మం ముందు నుంచి వెళ్తూ, "తాతగారూ, చూశారా!" అని చెయ్యూపాను.

"చూసేను. సైకిలు మీద వచ్చే ఆ పేరయ్యగారు దిగి వెళ్తారు. నువ్వు ఆకాశంలో కూర్చుని చేతులూపుతావా అమ్మా?"

"ఇది గుర్రమండీ!"

"అయితే ఇంకా ఎత్తు. ఇంకా ముందే దిగాలి."

దిగాను. ఆ ఒక్క కుర్చీతో పోతే బాగుండేది. మా కాలవగట్టు మీద ఇంటికొక పెద్దమనిషి కుర్చీ వేసుకునే ఉంటారు. ఒకరి దగ్గర దిగి ఇంకొకరి దగ్గర దిగకపోతే ఊరుకుంటారా? ప్రతి ఇంటి ముందూ ఆగడం, దిగడం, "వందనాలండీ" అనడం, వాళ్ళు "ఆయ్, వెళ్ళిరా అమ్మా" అన్నాక మళ్ళీ ఎక్కడం. నేను స్వారీ నేర్చుకున్నానని ఊరివాళ్ళు అనుకున్నారు. నిజానికి నేను నేర్చుకున్నది ఎక్కడం, దిగడం.

సుగుణ నాకన్నా తెలివైంది. నెల తిరిగేసరికి నేను కళ్ళెం లాగక్కర్లేకుండానే, తెల్లబట్టల పెద్దవాళ్ళెవరైనా కుర్చీలో కనబడితే చాలు, తనే ఆగి తల దించేది. "వెళ్ళిరా అమ్మా" అనే మాట చెవిన పడేదాకా ఊరంతా కలిసి తోసినా కదిలేది కాదు. "ఎంత బుద్ధిమంతురాలండీ మీ గుర్రం!" అని జనం అరటిపళ్ళు పెట్టేవారు. నేను మురిసిపోయేదాన్ని. మొక్కగా వంగింది మానై నిటారుగా నిలబడుతుందా అని ఒక్కరోజైనా ఆలోచించానా? లేదు.

వారానికోసారి రాజమండ్రి వైపు ఒక స్వారీ బడికి వ్యానులో తీసుకెళ్ళేవాళ్ళం. అక్కడ మాస్టారు సైన్యంలో గుర్రాల దళంలో పనిచేసినాయన. ఆయన ఎప్పుడూ నిలబడే అరుస్తారు. ఆ బడిలో కుర్చీ అన్నదే లేదు. అందుకని మా జబ్బు ఆయన కంట పడలేదు.

"నీ కూర్చునే తీరు బాగుంది. పోటీకి పేరిస్తున్నా" అన్నారొకరోజు.

అది గుర్రం ఎంత వేగంగా పోతుందో చూసే పోటీ కాదు. దాని మీద మనిషి ఎంత నిటారుగా, ఎంత ఒద్దికగా కూర్చుని నడిపించిందో చూసి మార్కులేసే పోటీ. ఎగిరి గంతేశాను. సరిగ్గా అప్పుడే నాన్న పిడుగు వేశారు.

"సత్తిబాబు మళ్ళీ ఫోను చేశాడు. గుర్రం ఇప్పుడు బుద్ధిగా ఉందట కదా, ఇచ్చెయ్యండి, మళ్ళీ ఊరేగింపులకి తిప్పుకుంటానంటున్నాడు. నీకు చూస్తే డిగ్రీ చదువు. ఒక్క పోటీ సరిగ్గా పూర్తిచెయ్యి, సుగుణ మనింట్లోనే ఉంటుంది. మధ్యలో బయటికొచ్చేశావో, పంపించేస్తాను."

సీమటపాకాయ పేలితే నిలువెల్లా వణికే నా సుగుణ మళ్ళీ బ్యాండు మేళం ముందుకా! ఆ రాత్రి దాని మెడ కావిలించుకుని, "నిన్ను ఎక్కడికీ పంపనే" అని మాటిచ్చాను. అది నా చున్నీ నమిలింది.

పోటీ విశాఖ వైపు ఒక మైదానంలో. తాతగారు కూడా పూతరేకుల పెట్టె పట్టుకుని బయల్దేరారు, జడ్జిగారికి ఇవ్వడానికట. అది లంచం కిందికొస్తుందని నాన్న కంగారుపడి పెట్టె లాక్కుని వ్యానులో దాచారు. పొద్దున ఒక రౌండు, మధ్యాహ్నం ఇంకొకటి, దేని లెక్క దానిదే. నా పేరు పిలిచారు. నడక బాగుంది. పరుగు బాగుంది. మలుపు తిరిగాను. అక్కడ గొడుగు కింద జడ్జిగారు.

నెరిసిన జుట్టు. తెల్ల చీర. ముక్కు మీదకి జారిన కళ్ళజోడు. కుర్చీలో!

సుగుణ ఆగి, తల దించింది. అది ఆగడం ఒక తప్పు, పోనీ అనుకుందాం. నేనేం చేశానో తెలుసా? నా కాలు నన్నడగకుండానే జీను మీద నుంచి ఇవతలికొచ్చేసింది. దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"వందనాలండీ."

జడ్జిగారు కంగారుగా కలం కింద పెట్టారు. "ఏమైందమ్మా? దెబ్బ తగిలిందా?"

"లేదండీ."

"జీను వదులైందా?"

"లేదండీ."

"మరి దిగావేం?"

"తమరు కూర్చున్నారు కదండీ!"

ఆవిడ నా వైపు చూశారు. తన కుర్చీ వైపు చూసుకున్నారు. మళ్ళీ నా వైపు చూశారు. "మైదానంలో దిగితే ఔటమ్మా" అన్నారు మెల్లగా.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కూర్చోవడానికి మార్కులిచ్చే పోటీలో నిలబడ్డ ఏకైక వ్యక్తిని నేను. అతి వినయం ధూర్త లక్షణమంటారు. కాదండీ, ఔటు లక్షణం. సరే, ఏడుపు దిగమింగుకుని బయటికి పోదామంటే సుగుణ కదలదే! లాగాను. బతిమాలాను. ఊహూఁ.

"గుర్రాన్ని తీసుకెళ్ళమ్మా, తరువాతివాళ్ళు రావాలి."

"తమరు 'వెళ్ళిరా అమ్మా' అంటేగానీ వెళ్ళదండీ."

"నేనా? దేనికి?"

"అలవాటండీ."

ఆవిడ అటూ ఇటూ చూసి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి, "వెళ్ళిరా అమ్మా" అన్నారు. ఎదురుగా మైకున్న సంగతి మరిచిపోయారు. మైదానమంతా వినబడింది. సుగుణ తలూపి, పేరంటం నుంచి వెళ్తున్న ముత్తైదువలా నడిచి బయటికొచ్చింది. జనం పొట్టలు పట్టుకున్నారు.

బయట మాస్టారు తల పట్టుకుని ఉన్నారు. "పడ్డవాళ్ళని చూశాను, పారిపోయినవాళ్ళని చూశాను. పలకరించడానికి దిగినదాన్ని నిన్నే చూశాను!"

నాన్న జేబులో చెయ్యి పెట్టారు. ఫోను తీసి చేతిలో పట్టుకున్నారు. నాకు సత్తిబాబుగారి బ్యాండు చెవుల్లో మోగింది.

"నాన్నా, మధ్యాహ్నం ఇంకోటుంది. ఈసారి చచ్చినా దిగను!"

"నువ్వు దిగవు సరే. అది ఆగదా?"

ఆగుతుంది. ఆగితే మళ్ళీ అంతే సంగతులు. ఈసారి నిజంగా ఏడ్చేశాను. తాతగారు చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని అంతా విన్నారు.

"తప్పు పిల్లదీ కాదు, గుర్రానిదీ కాదు బాబూ. నేర్పింది నేను" అని లేచి ఎటో వెళ్ళిపోయారు. మనసు కష్టపెట్టుకుని వెళ్ళారనుకున్నాను. పూతరేకుల కోసమనుకున్నారు నాన్న.

మధ్యాహ్నం మళ్ళీ నా పేరు. నడక. పరుగు. ఆ మలుపే. కళ్ళెం బిగించి తలెత్తి చూద్దును కదా, గొడుగు కింద జడ్జిగారు నిలబడి ఉన్నారు!

ఆవిడొక్కరే కాదు. కమ్మీల పక్కన వరసగా కుర్చీల్లో ఉండాల్సిన పెద్దలందరూ నిలబడి ఉన్నారు. వెనక వరసలవాళ్ళు మంత్రిగారెవరో వచ్చారనుకుని లేచారు. వాళ్ళని చూసి టీ అమ్మేవాళ్ళు కూడా నిటారుగా నిలబడ్డారు. అందరికీ ముందు, కమ్మీ పట్టుకుని, ఎమ్మెల్యేగారికి లేవని మా తాతగారు!

తరువాత తెలిసింది. తెల్లబట్టలవాళ్ళు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి బతిమాలారట. "ఏమీ అనుకోకండి, మా మనవరాలు కూర్చున్న పెద్దల ముందు నుంచి స్వారీ చెయ్యదండీ. నేర్పింది నేనే. ఒక్క నిమిషం తమరు లేచి నిలబడితే పిల్ల దాటేస్తాదండీ" అని. చివరికి జడ్జిగారి దగ్గరికీ వెళ్ళారట. ఆవిడ, "జడ్జి కూర్చునే ఉండాలని నియమమేమీ లేదులెండి మాస్టారూ" అన్నారట.

సుగుణ ఒక్క క్షణం చెవులు నిక్కించింది. కుర్చీలు చూసింది. అన్నీ ఖాళీ. హాయిగా ముందుకు సాగిపోయింది. నాకు కళ్ళలో నీళ్ళు అడ్డమొచ్చి దారి కనబడలేదు. మిగతా రౌండు అదే పూర్తిచేసింది, నేను దాని మీద కూర్చున్నానంతే.

బహుమతా? రాలేదండీ. కింద నుంచి చూస్తే మొదటి స్థానం. కళ్ళు తుడుచుకుంటూ స్వారీ చేసినందుకు మార్కులు కోశారు. నాన్న మాత్రం ఫోను చేసి, "లేదు సత్తిబాబుగారూ, ఇవ్వం. పూర్తిచేసింది" అన్నారు. సాయంత్రం జడ్జిగారు పూతరేకు తింటూ సుగుణ మెడ నిమిరారు. వెళ్ళేముందు తనంతట తనే "వెళ్ళిరా అమ్మా" అన్నారు. ఆవిడకి ఈ జన్మంతా రుణపడి ఉంటాను.

ఇప్పుడు తాతగారికి మోకాళ్ళు బాగా పట్టేశాయి. అయినా పొద్దున గట్టు మీద డెక్కల చప్పుడు వినబడితే చాలు, నేను దిగక్కర్లేకుండా కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతారు. ఆయన లేస్తారేమోనని నేను రెండిళ్ళ ముందే దిగిపోతాను.

"దిగకమ్మా, లేచేను కదా!"

"లేవకండి తాతగారూ, దిగేశాను కదండీ!"

అందుచేత, జీను మీద చెయ్యి వేసి పాఠక మహాశయుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంతటివాళ్ళు ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నా, పోటీ మధ్యలో గుర్రం దిగనే దిగను. మా వీధి గుమ్మంలో ఉన్న కుర్చీకి మాత్రం ఈ ప్రమాణం వర్తించదు. అక్కడ ఆయన కూర్చున్నా దిగుతాను, లేచి నిలబడ్డా దిగుతాను.