ఉరుకుమంటే ఉరికిన కోతి

పంతొమ్మిది వందల యాభై తొమ్మిది ఎండాకాలంలో, కాజీపేట దగ్గరి కాశిబుగ్గలో మకాం వేసిన నాటక కంపెనీలో నాకు కోతి వేషం ఇచ్చారు. అడవి జంతువుల పాటల నాటకం అది. సింహానికి పద్యాలు, నక్కకు మాటలు, నెమలికి ఆట. కోతికి ఒక్క మాట లేదు. వెనక పరదా మార్చేటప్పుడు జనం లేచిపోకుండా ముందర పిల్లిమొగ్గలు వేయాలి, సింహం తోక లాగాలి, నక్క మూటలో జామకాయ ఎత్తుకుపోవాలి. మా పుట్టింటివాళ్లు ఊరూరా గడ ఎక్కి ఆడినవాళ్లు. నాకు నడక కంటే మొగ్గలే ముందు వచ్చాయంటారు. తోక మాత్రం మగ్గాల దగ్గర పారేసిన నూలుపోగులతో నేనే పేనుకున్నాను.

అంతకుముందు అదే కంపెనీలో వంట చేశాను. వంటంటే ఒకచోట కూర్చోవాలి. కూర్చుంటే నా కాళ్లు నా మాట వినవు. అన్నం ఉడికేలోపు పొయ్యి చుట్టూ తిరుగుతూనే ఉండేదాన్ని. వేషం ఇస్తూ సేటు, అంటే కంపెనీ యజమాని, ఒక మాట అన్నాడు: "ఒక్కపారి గడ్‌బడ్ అయిందనుకో, మల్ల గంటె పట్టుడే."

నాటకం చివర్లో ఉంది అసలు పని. సింహం ఎలుగుబంటి మీదికి వచ్చే సమయానికి నేను మంచె మీంచి దూకి ఎలుగు భుజాల మీద నిలబడాలి. ఆ ఎలుగు నా పెనిమిటి. నల్ల గొంగడి కప్పుకుని అట్టముఖం తగిలించుకుంటే ఆయనకు పైన ఏమీ కనపడదు. పక్కతెర వెనక నుంచి మాట అందించే మాస్టరు "దుంకు" అనగానే ఆయన మోకాళ్లు వంచి బిగబట్టాలి, నేను కాళ్లు వదలాలి. ఆయన సిద్ధంగా లేనప్పుడు పడితే ఆయన మెడ పోతుంది, లేదంటే నా నడుము.

కాజీపేటలో రైల్వేవాళ్ల కుటుంబాల కోసం పగటి ఆట ఒప్పుకున్నారు. ఆ పొద్దునే మా మాస్టరుకు జ్వరం తగిలింది. గుంటూరు దిక్కు నుంచి వచ్చిన వేరే మాస్టరును కూర్చోబెట్టారు. మంచి చదువరి. ఏమని కేక వేస్తారని అడగబోతే, "సమయానికి నేను చెబుతాగా అమ్మా, కంగారెందుకు" అన్నాడు.

ఆట బాగానే నడిచింది. మంచె మీద మెదలకుండా ఉండే ఆ కాసేపే నాకు కష్టం. తోక కొస కొరుకుతూ కూర్చున్నాను. సింహం పద్యం అయిపోయింది. పక్క నుంచి మాస్టరు "ఉరుకు, ఉరుకు" అన్నాడు.

మా దిక్కు ఉరుకుడంటే పరుగెత్తడం. పగటి ఆటైనా హాలు చీకటి, పెట్రోమాక్సు దీపాల పక్కనే పరదాలు, ఎప్పుడు నిప్పంటుకుంటుందోనని మాకు ఎప్పుడూ బెదురే. అంటుకున్నదే అనుకుని నిచ్చెన దిగి ఇటు, మాస్టరు ఉన్న పక్కకు ఉరికాను. నా పెనిమిటీ మా దిక్కువాడే కదా, గొంగడి ఎత్తిపట్టుకుని అటు ఉరికాడు. నోరు తెరుచుకుని సింహం ఒక్కటే నడుమ మిగిలింది. జనం బెంచీలు కొట్టి నవ్వుతున్నారు.

"ఉరకమంటే పారిపోతావేవిటమ్మా?" అన్నాడు మాస్టరు తల పట్టుకుని.

"ఉరుకుమంటేనే గద సారూ ఉరికిన."

"ఉరకడమంటే దూకడం, తల్లీ."

"గట్లయితే దుంకుమనాలె."

అవతలి పక్కతెర దగ్గర నిలబడిన సేటు నన్ను చూస్తూ గాలిలో గంటె తిప్పినట్టు చెయ్యి తిప్పాడు.

ఇక నిలవలేకపోయాను. మొగ్గలు వేసుకుంటూ అటు పక్కకు పోయి, ఎలుగును చెవి పట్టుకుని నడుమకు లాక్కొచ్చి నిలబెట్టి, మళ్లీ మంచె ఎక్కాను. మాస్టరు మాట కోసం చూడలేదు. పెనిమిటిని పేరు పెట్టి పిలవని కాలం. "ఓ గుడ్డెలుగా, దుంకుతాన" అన్నాను, హాలంతా వినపడేలా.

అట్టముఖం లోపల నుంచి "దుంకవే కోతీ" అని వచ్చింది. మోకాళ్లు వంగడం చూసి కాళ్లు వదిలాను. ఆయన భుజాల మీద నిలబడి సింహానికి తోక ఊపాను.

ఆట అయ్యాక సేటు వచ్చి, "కోతికి మాటలు ఎవలు రాసిండ్రే?" అని అడిగాడు.

"కోతే రాసుకున్నది సేటూ, గంటె పట్టలేక."

"రేపటి సంది గదే ఉంచు" అని వెళ్లిపోయాడు.

కాళ్లు సాగినన్నేళ్లు ఆ వేషం వేశాను. తర్వాత వచ్చిన ఆడపిల్లలకు మొదట నేర్పింది మొగ్గ కాదు. దూకే మనిషే మాట అందించాలి, పట్టే మనిషి బదులు పలకాలి. ఆ మాటకు అర్థం ఇద్దరికీ ఒకటే అవునో కాదో ఆటకు ముందే అడిగి చూసుకోవాలి. బదులు వినపడేదాకా కాలు లేపకూడదు.