ఓబుళమ్మక్క విరిచిన రొట్టె

నిన్న పొద్దున కోడుమూరు నుంచి ఫోన్.

"చిన్నమ్మా, అమ్మ పోయింది. నిద్దర్లోనే."

ఓబుళమ్మక్క పెద్దకొడుకు గొంతు. నాకు బుర్రకెక్కలేదు. "ఏ అమ్మరా?" అని అడిగాను. వాడు ఏడ్చాడు. అప్పుడు తెలిసింది.

నేను కడపలో మనవరాలింటికి వచ్చి ఉన్నాను. కారులో పోయేసరికి అక్కను అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు.

ఓబుళమ్మక్క నా తోడికోడలు. ఒకే వంటింట్లో ఇద్దరం ముసలివాళ్లమయ్యాం.

నిన్నటి నుంచి ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్‌లు చూస్తున్నాను. "శాంతమూర్తి." "భూదేవంత ఓర్పు." ఎవరో దీపం ఎమోజీ పెట్టి "పల్లెత్తు మాట అనని తల్లి" అని కూడా రాశారు.

అబద్ధం.

అక్కను నేను అట్లా సాగనంపను. మనవరాలు వాయిస్ టైపింగ్ పెట్టి ఇచ్చింది. అక్షరాలు తప్పుంటే సర్దుకోండి. మాటలకు కోపమొస్తే మాత్రం నేను సర్దుకోను.

మీరంతా హాల్లో దండేసి పెట్టుకున్నారే, మా మామ ఫోటో. ఆయన సంగతి చెప్తాను వినండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. పట్నంలో గింజలకు మంచి గిరాకీ. మామ కొత్త జొన్నలన్నీ బండ్లకెత్తి కర్నూలుకు పంపేవాడు. ఇంట్లోకి మాత్రం పాతర జొన్నలు. పాతర అంటే నేలలో లోతుగా తవ్విన గుంత. గింజలు పోసి పైన మన్ను కప్పేస్తారు. ఏళ్లు గడిస్తే గింజ ముక్కిపోతుంది.

రొట్టె చేసేవాళ్లకు తెలుసు. మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా వేడి మీదనే పిసికితేనే జొన్నపిండి సాగుతుంది. కానీ గింజలోనే జిగట చస్తే ఎంత పిసికినా లాభం లేదు. తట్టేటప్పుడే అంచులు పగులుతాయి. పెనం మీద నుంచి తీస్తే ముక్కలు.

అక్కా నేనూ కాపురానికొచ్చిన ఏడాది. అక్క వాళ్లమ్మ చనిపోయి నెల కూడా కాలేదు. మామ పక్కన బంధువులు కూర్చొని తింటున్నారు. ఆయన తట్టలో, అదే కంచంలో, రొట్టె విరిగింది.

కంచు తట్ట ఎత్తి వంటింట్లోకి విసిరాడు. అంచు అక్క కనుబొమ్మకు తగిలి చీరింది.

"రొట్టె తట్టేది గూడ రానిదాన్ని కని, మా నెత్తిన పెట్టి పాయ మీయమ్మ!"

ఒక్కరూ లేవలేదు. మా ఆయన లేవలేదు, వాళ్లాయన లేవలేదు.

నేను పసుపు అద్దుతున్నాను. అక్క ఏడుస్తుందనుకున్నాను.

"మాయమ్మను అనె సూడు," అంది మెల్లగా. "ఆ మాట ఆయప్పతోనే మింగిస్తా."

మీరు ఓర్పు అంటున్నారే, అది ఇదే. పొంచి కూర్చున్న ఓర్పు.

మరుసటి పంట చేతికొచ్చాక ఆమె అన్న బనగానపల్లె నుంచి చూడటానికి వస్తూ కొత్త జొన్నలు ఒక మూట తెచ్చాడు. అక్క వాటిని కుండలో పోసి కట్టెల చాటున దాచింది. కొన్నాళ్లకు మామ కర్నూలు పెద్దమనుషులను భోజనానికి పిలిచాడు.

రెండు రకాల జొన్నలూ వేరువేరుగా తిరగట్లో విసిరింది నేనే.

"అక్కా, పుట్టింటికి తరుముతారేమో."

"తరమనీ. పోతా పోతా ఆయప్ప పరువు గూడ మూటగట్టుకోని పోతా."

వచ్చినవాళ్ల తట్టల్లో నిండు చందమామల్లాంటి రొట్టెలు, వంకాయకూర, శనక్కాయల ఊరిబిండి. మామ తట్టలో మూడు ముక్కలు.

"మళ్లా ఇదేనా?" అని ఉరిమాడు.

పక్కనున్న పెద్దాయన తన తట్టలోకి చూసుకున్నాడు. "ఏమప్పా, మాకు శానా బాగుండాయే!"

అక్క గడప మీదికి వచ్చి నిలబడింది. కోడళ్లు మామకు ఎదురుగా నిలబడని కాలం అది.

"సేసింది ఈ సెయ్యే మామా. వాళ్లకు మాయమ్మోళ్ల సేన్లో జొన్నలు. నీకు నీ పాతర జొన్నలు, దినామూ మాకు పెట్టేటివి. కొత్తవి అమ్ముకోని ముక్కినవి పెట్టేది నువ్వు. మాయమ్మను ఎందుకు అంటివి?"

ఒకాయనకు పొలమారింది. ఇంకొకాయన నవ్వాపుకోలేకపోయాడు.

మామ తట్ట ఎత్తాడు. పక్కనున్న పెద్దాయన మామ మణికట్టు పట్టుకున్నాడు. "కూకోప్పా. ఆ పాప అనేది నిజమే గదా."

మామ కూర్చున్నాడు. తల వంచుకొని మూడు ముక్కలూ తిన్నాడు. నేను తలుపు చాటు నుంచి చూశాను. ఏ పండగ భోజనమూ నాకు అంత రుచించలేదు.

ఆమెను తరిమితే ఇంకా నవ్వులపాలవుతానని ఆయనకు తెలుసు. ఇంట్లోకి కొత్త జొన్నలొచ్చాయి. కానీ వాళ్లమ్మను అన్న మాటకు "తప్పయింది" అని మాత్రం అనలేదు.

అందుకే అక్క కూడా వదల్లేదు.

ఆయన బతికున్నన్నాళ్లూ, మొదటి రొట్టెను ఆయన కళ్లెదుటే చేత్తో విరిచి తట్టలో వేసేది. ఆయన ఆ ముక్కలే తినేవాడు.

ఒకసారి నేనే అన్నాను, "ఇంక ఇడిసిపెట్టక్కా, ముసిలోడైపాయ."

"నోరుండాది గదా. ఒక్క మాట అనమను, ఇడిసిపెడ్తా."

ఆయన మంచాన పడితే ఒళ్లు తుడిచింది, మందు తాగించింది, ఒక్క పూట ఆకలితో ఉంచలేదు. విరవడమూ మానలేదు. ఆయన అనకుండానే పోయాడు.

దాన్ని ఓర్పు అనకండి. అది పగ. ఆ రోజు తర్వాత ఈ ఇంట్లో ఏ కోడలి మీదికీ తట్ట లేవలేదంటే ఆ పగ పుణ్యమే. మీ అమ్మలు, మీ పెళ్లాలు దాని నీడన బతికారు.

ఇంకొకటి. అక్క ఫోటోను మామ ఫోటో పక్కన పెడదామని ఎవరో రాశారు.

పెట్టొద్దు. వేరే గోడ చూడండి.

అక్కా, పోయిరా.

నీ కోపం నా దగ్గర పెట్టి పో. నేనున్నన్నాళ్లూ చల్లారనివ్వను.

నువ్వు మాత్రం నిమ్మళంగా పడుకో.