ఎవరి చెయ్యో తెలియని జానెడు బట్ట

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. నలుగురు పిల్లలు, ఇంట్లో మగ్గం, పొద్దస్తమానం రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టే పని. నాలాంటిదానికి దయ్యాల గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఎనభైల మొదట్లో, నలభై రెండేళ్ల వయసులో నాకు ఐదో కాన్పు. ఏడో నెల నిండకుండానే తిరువళ్ళూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పక్క మంచం మీద పంతొమ్మిదేళ్ల అమ్మాయిది కూడా నెలలు నిండని కాన్పే.

"నీది చిన్న వయసు, బిడ్డ తేరుకుంటాదిలే" అని నర్సమ్మ ఆ అమ్మాయికి ధైర్యం చెప్పింది. నా వైపు తిరిగి, "నీకు వయసయిపోయిండాది కదమ్మా. బతికినా నడకా మాటా లేటే" అంది. సిగ్గుతో తల దించుకున్నాను.

నెలన్నరకు తిరుత్తణి దగ్గర మా ఇంటికి వచ్చాం. అప్పటికీ బిడ్డకు నిద్రలో ఉన్నట్టుండి ఊపిరి ఆగేది. అరికాలు గిల్లితే మళ్ళీ తీసేది. మగ్గం గుంజకు ఉయ్యాల కట్టాం. మగ్గం ఆడుతున్నంతసేపూ ఆ అదురుకు ఊపిరి ఆగేది కాదు. మా ఆయనా, పెద్దకొడుకూ వంతులేసుకుని నేశారు. మగ్గం ఆగితే నేను కాపలా కూర్చోవాలి.

ఒక మధ్యాహ్నం పెద్దకొడుకు నూలు తేవడానికి, మిగతా పిల్లలు బడికి వెళ్ళారు. మా ఆయన బిడ్డకు మందు తేవడానికి బయలుదేరుతూ, "కన్ను మూయొద్దు" అని మరీ మరీ చెప్పాడు. తలుపు గడియ పెట్టి కూర్చున్నాను. ఎప్పుడు ఒరిగిపోయానో తెలియదు. నిద్రలో మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన నేస్తున్నాడనుకుని ఇంకా ఒళ్ళు మరచి పడుకున్నాను.

తలుపు బాదితే లేచాను. గడియ తీస్తే బయట మా ఆయన! మగ్గం దగ్గర ఎవరూ లేరు. బిడ్డ ఊపిరి చక్కగా తీస్తోంది. ఆయన మగ్గం మీద చీర చూసి నిలబడిపోయాడు.

"జానెడు పెరిగిండాదే. ఎవురు నేసినారు?"

నాకు నేత రాదు. కొడుకు ఇంకా ఇల్లు చేరలేదు. ఆయన ఆ బట్టను వేళ్ళతో తడిమి, "ఇది నా చెయ్యి గాదు. వాడిదీ గాదు" అన్నాడు. నేతలో ఎవరి బిగువు వాళ్ళది. చిన్ననాటి నుంచీ నేసే మనిషి అందులో పొరబడడు.

పిల్ల మూడేళ్లకు నడిచింది, ఐదేళ్లకు మాట్లాడింది. నర్సమ్మ అన్నట్టే అయింది. నా వయసును తిట్టుకుని తిట్టుకుని అలిసిపోయి, అదీ మానేశాను.

ఆ మధ్యాహ్నం నా బిడ్డను కాపాడిందెవరో ఇప్పటికీ చెప్పలేను. కన్నతల్లిని, నేను మాత్రం నిద్రపోయాను.