మెడకండరం పేరు

రాజమణి పోయాక అందరూ ఆమె మంచితనమే చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం నా భార్య కుళ్లే ఎక్కువ గుర్తొస్తోంది. ఎవరి నగల మీదా ఆమె కన్ను పడలేదు. ఆ కుళ్లంతా మా కూతురు స్వీటీ దగ్గరే. చర్చి పాటైనా, బడి పాఠమైనా పిల్లకు తల్లి నోటి నుంచే రావాలి. పాతబస్తీలోని మా ఒంటిగదిలో చీరలకు ఫాల్ కుడుతూనే అన్నీ అప్పజెప్పించుకునేది.

స్వీటీ మలక్‌పేటలో ఫిజియోథెరపీ చదువులో చేరాక ఆ పట్టు జారింది. చెవి వెనక నుంచి ఛాతీ ఎముక దాకా దిగే మెడకండరం ఒకటుంది, స్టెర్నోక్లైడోమాస్టాయిడ్. ఆ పేరు దగ్గర పిల్ల నాలుక మడతపడేది. నోటి పరీక్ష దగ్గరికొచ్చింది. ఇంకోసారి అనమనడం తప్ప రాజమణికి ఏం చేయాలో తెలియలేదు.

పక్కింటి ఖైసర్ బేగం గల్లీ పిల్లలకు అరబ్బీ చదవడం నేర్పేది. ఆమెది హిజ్జే పద్ధతి. ముక్కను విడిగా పలకాలి, వెంటనే వెనకటి ముక్కలతో కలిపి పలకాలి, ఆ తర్వాతే ఇంకో ముక్క. స్వీటీ వెళ్లి ఆమె ముందు కూర్చుంది.

"ఒక్కపారే మింగకు బేటీ, నమిలి తిను," అందట బేగం.

ఆ సాయంత్రం నుంచి గోడవతల అదే రాగం. స్టెర్. నో, స్టెర్నో. క్లై, స్టెర్నోక్లై. గోడకివతల రాజమణి చేతిలో సూది ఆగిపోయేది.

"మెడ పేరుకు గూడ ఆమెనే కావాల్నా? నాకు నోరు లేదా?" అనేది నాతో. బేగం పంపిన ఖుబానీ కా మీఠా ముట్టలేదు. తిన్నందుకు నా మీదా అలిగింది.

పరీక్ష రోజు పొద్దున్నే బేగం నయాపూల్‌లో తమ్ముడింటికి వెళ్లిపోయింది. చెప్పులేసుకుంటూ పేరు అంటున్న స్వీటీ 'స్టెర్నోక్లైడో' దగ్గర ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మాస్," అంది రాజమణి, పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే. "స్టెర్నోక్లైడోమాస్. టాయిడ్. ఇగ కలుపు."

అచ్చం బేగం రాగమే.

"అమ్మా, నీకెట్లొచ్చింది?"

"దినాం గోడ పక్కన లొల్లి పెడితే రాదా ఏంది? కలుపు ముందు."

పిల్ల తడబడకుండా కలిపి, వెళ్లింది.

మధ్యాహ్నానికి బేగం తిరిగొచ్చింది. ఆటో దిగి మా గల్లీలోకి వచ్చేవాళ్లకు ముందు ఆమె గుమ్మమే తగులుతుంది. రాజమణి కొంగు సర్దుకుని బయల్దేరింది. ఎక్కడికో చెప్పలేదు. బేగం ఇల్లు దాటి, గాజుల దుకాణం దాటి, ఆటోలు ఆగే మలుపులో ఎండలో నిలబడింది.

స్వీటీ పాసైన సంగతి అందరికంటే ముందు ఆమెకే తెలిసింది. బేగం తలుపు తట్టి చెప్పింది కూడా ఆమే.