మా ఊరావిడ

మా వైపు పేరు కన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది. "మీరేమిట్లండీ?" అంటారు. తెలియని వాళ్ళు ఉద్యోగం గురించో సొంత ఊరి గురించో అడుగుతున్నారనుకుంటారు. కాదు, కులం అడుగుతున్నారు. అద్దంకికి బదిలీ అయి అద్దె ఇల్లు చూసుకుంటున్నప్పుడు ఇంటావిడ నాకు కుళాయి చూపిస్తూ, నీళ్ళు ఏ వేళకొస్తాయో చెప్తూ, ఆ మాటల మధ్యే మెత్తగా ఈ ప్రశ్న వేసింది. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. అడిగినదానికి సూటిగా జవాబు రాయండర్రా అని రోజూ పిల్లల ప్రాణాలు తీసేదాన్ని. "టీచర్లమండీ" అన్నాను.

ఆవిడ నవ్వి, తనకు తోచినదేదో అనుకుంది. నేను దిద్దలేదు. పైగా మర్నాటి నుంచి బొట్టు పెట్టుకోవడం మొదలుపెట్టాను. మా పల్లెలో చర్చికి వెళ్ళే ఆడవాళ్ళెవరూ పెట్టుకోరు. నిజం చెప్పాలంటే ఆవిడ మంచిదే. పప్పు చేసినా పచ్చడి చేసినా గిన్నెలో పంపేది. ఆ గిన్నె ఎక్కడ ఆగిపోతుందోనని నా భయం.

మా అమ్మ అప్పుడు దర్శి దగ్గర పల్లెలో ఉండేది. పల్లె అంటే ఊరు కాదు, ఊరికి అవతల ఉండే మా వాళ్ళ ఇళ్ళు. పత్తి తీతకు, మిరపకాయల కోతకు పోతూ నన్ను చదివించింది. నేను అద్దంకిలో చేరిన మొదటి వేసవిలో, చెప్పాపెట్టకుండా ఎండుమిరపకాయల సంచి నెత్తిన పెట్టుకుని, నా ఇల్లు ఎక్కడో వాకబు చేసుకుంటూ వచ్చేసింది. ఇంటావిడ వరండాలోనే కూర్చుని ఉంది.

"ఎవరండీ?" అని నన్ను అడిగింది.

"మా ఊరావిడండీ. కాయలు తెచ్చింది" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. ఆలోచించి ఉంటే ఇంకా అందమైన అబద్ధమే ఆడేదాన్నేమో! అమ్మ ఒక్కసారి నా మొహంలోకి చూసింది. సంచి కింద పెట్టి, చెంగుతో మెడ తుడుచుకుని, "వస్తానండీ టీచరమ్మా" అంది. మంచినీళ్ళయినా తాగకుండా, వచ్చిన దారినే బస్టాండుకు వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రెండేళ్ళు మా అమ్మ నా గుమ్మం తొక్కలేదు. ఆదివారాలు నేనే వెళ్ళేదాన్ని. చేపల పులుసు వండి పెట్టేది, తల దువ్వేది, ఆ రోజు మాట మాత్రం ఎత్తేది కాదు. తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టకపోవడం నన్ను లోపల్లోపల కోసేసింది.

అలా ఉండగా, మా పల్లె చర్చికి అమెరికా నుంచి ఒకావిడ వచ్చింది. నల్లజాతి ఆవిడ, రిటైరైన టీచరు. ఆవిడ మాటలు తెలుగులో చెప్పమని పాస్టరుగారు నన్ను పిలిపించారు. వచ్చీ రాగానే ఆవిడ పత్తి చేలోకి వెళ్దామంది. మా అమ్మ తన పాత చీర ఆవిడ నడుముకు ఒడిలా కట్టింది. నాలుగు కాయలు తీసేసరికి ఎండిన డొప్పల మొనలు గుచ్చుకుని ఆవిడ వేళ్ళకు గీతలు పడ్డాయి. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఆవిడా నవ్వి, తన అమ్మమ్మ జన్మంతా ఇదే పని చేసిందంది.

నేను చెప్తే అమ్మ నమ్మలేదు. "అమెరికావోళ్ళు పత్తి తీయటమేందే? సరిగ్గా ఇన్నావా?" అంది.

సాయంత్రం చర్చిలో ఆవిడ మాట్లాడింది. మొదటి వాక్యంలోనే నాకు చిక్కొచ్చి పడింది. 'రేస్' అన్న మాటకు డిక్షనరీలో ఉన్నట్టే 'జాతి' అన్నాను. వెనక నుంచి ఒకావిడ, "ఒంగోలు జాతి లాగానా?" అంది. ఎద్దుల సంగతన్నమాట. చర్చంతా ఘొల్లుమంది. ఇలా కాదని, "అక్కడ తెల్లవాళ్ళు ఊళ్ళో వాళ్ళు, వీళ్ళు పల్లెలో వాళ్ళు" అన్నాను. నవ్వులు టక్కున ఆగిపోయాయి. ఇక నేను దేనికీ వివరణ ఇవ్వాల్సిన పని లేకపోయింది. వేరే కుళాయి, వేరే బడి, బస్సులో వెనక సీటు, అన్నీ నేను చెప్పకముందే వాళ్ళకు తెలిసినట్టు తలలూపారు.

వాళ్ళ అమ్మమ్మ ఓటర్ల జాబితాలో పేరు రాయించుకోవడానికి వెళితే రాజ్యాంగంలో ముక్క చదివి అర్థం చెప్పమన్నారట. చెప్పినా తప్పన్నారట. ఇప్పటికీ ఎన్నికలొస్తే పార్టీలవాళ్ళు చర్మం రంగు చూసే లెక్కలు వేసుకుంటారని, పైకి మాత్రం ఆ మాట అనరని చెప్పింది.

"ఇక్కడ పైకే అంటారని చెప్పు. ఓట్లప్పుడే ఆళ్ళకు పల్లెకు దారి తెలుస్తదని కూడా చెప్పు" అంది మా అమ్మ. అదీ చెప్పాను. ఆవిడ బల్ల మీద చెయ్యి కొట్టి మరీ నవ్వింది.

తర్వాత వాళ్ళ పెద్దమ్మ కథ ఎత్తుకుంది. నల్లవాళ్ళింట్లోనే పుట్టినా పెద్దమ్మ ఒళ్ళు తెల్లవాళ్ళంత తెలుపు. దూరంగా పెద్ద పట్నానికి పోయి, తెల్లదాన్నేనని చెప్పుకుని ఉద్యోగం, ఇల్లు సంపాదించుకుంది. ఒకసారి కన్నతల్లి, అంటే ఆ పత్తి తీసిన అమ్మమ్మే, చూడ్డానికి వెళ్ళి తలుపు కొట్టింది. పక్కింటి వాళ్ళు చూస్తున్నారు. పెద్దమ్మ వాళ్ళతో, పని అడగడానికొచ్చిన మనిషి అని చెప్పిందట.

నేను తెలుగులో చెప్పాలని ఆవిడ ఆగి నా వైపు చూస్తోంది. మూడో వరసలోంచి అమ్మ, "ఏమందే? చెప్పు" అంది.

చెప్పాను. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్తూ, చివరికొచ్చేసరికి, "పక్కింటి వాళ్ళతో, 'మా ఊరావిడ' అని చెప్పింది" అన్నాను.

ఆ తప్పు అక్కడున్న వాళ్ళలో ఒక్కరికే తెలిసింది. అమ్మ చెంగు కొస వేలికి చుట్టుకుంటూ, "ఆ తల్లి బిడ్డని ఏమందో అడుగు" అంది.

అడిగాను. తలెత్తకుండానే అడిగాను. తన అమ్మమ్మ ఎవరినీ ఆ బిడ్డను ఒక్క మాట అననిచ్చేది కాదంది ఆవిడ. దాన్ని కాదు, దానికి ఆ అబద్ధం అవసరమయ్యేలా చేసిన వాళ్ళని అనండి అనేదట.

"సరిగ్గా చెప్పింది తల్లి" అంది మా అమ్మ, నా వైపు చూస్తూ.

చర్చి నిండా జనం ఉండగా, ఒక్కరికీ తెలియకుండా మా అమ్మ నన్ను క్షమించింది. ఆ క్షమకు మాటలు అందించిన ఆ అమెరికా టీచరుకు, ఎన్నడూ చూడని ఆవిడ అమ్మమ్మకు నేను బతికున్నంత కాలం రుణపడి ఉంటాను. ఆ పెద్దమ్మ మాత్రం తల్లి చనిపోయినా రాలేదట. నాకింకా వ్యవధి ఉంది.

"వచ్చే ఆదివారం నాతో రా అమ్మా" అన్నాను చర్చి బయట.

"నీకిబ్బంది గదమ్మే."

"అయితే అవనీ."

ఆదివారం బొట్టు తీసేసి, అమ్మ చెయ్యి పట్టుకుని వీధి గేటులోంచే వచ్చాను. ఇంటావిడ గుర్తుపట్టింది. "మీ ఊరావిడ కదూ, కాయలు తెచ్చిన..." అంది.

"మా అమ్మండీ. పల్లెలో వాళ్ళం" అన్నాను.

నెల తిరక్కుండా ఆవిడ, చుట్టాలొస్తున్నారు, పోర్షన్ ఖాళీ చెయ్యాలంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "చుట్టాలు ఏమిట్లండీ?" అని అడిగేశాను కూడా. ఆవిడ మొహం కందిపోయింది. సామాను ఎక్కించే రోజు వచ్చి, అమ్మ చేతిలో గోంగూర పచ్చడి సీసా పెట్టి గబగబా లోపలికి వెళ్ళిపోయింది. దాన్ని ఏమనుకోవాలో నాకిప్పటికీ తెలియదు. పచ్చడి మాత్రం ఇద్దరం తిన్నాం.

అమ్మ ఇప్పుడు నాతోనే ఉంటోంది. కొత్త ఇల్లు ఇరుకే. ఎవరం ఏమిటో ముందే చెప్పి చేరాం. దానికి ముందు మూడు ఇళ్ళు చేజారాయి. మొన్న ఆ అమెరికా టీచరు ఫోనులో మెసేజి రాసింది. ఈసారి వాళ్ళ పేట వాళ్ళు ఓటు వేసే చోటును దూరానికి మార్చారట, ముసలివాళ్ళను కార్లలో తీసుకెళ్ళే పని తనే చూస్తోందట. చివర్లో, మీ అమ్మ ఎలా ఉందని అడిగింది.

జవాబు రాస్తుండగానే గ్యాస్ సిలిండరతను వచ్చాడు. అమ్మ ఎప్పట్లాగే వీధి గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పాపం, అతను అడిగింది ఓటీపీ నంబరు.

"నేను టీచరమ్మ వాళ్ళ అమ్మని" అంది మా అమ్మ.