కుడిచేతి వైపు సైన్యం

ఆ రోజుల్లో రాజకీయం లేని సినిమా ఉంటుందంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. అందులోనూ యుద్ధం సినిమా అయితే ఇక నన్ను పట్టలేరు. తెర మీద సిపాయి వాళ్ళమ్మకు ఉత్తరం రాస్తుంటే హాలంతా ముక్కులు చీదేది. నేను మాత్రం, "ఇంతకీ ఆ సేనాపతి కొడుకు ఏ సరిహద్దులో ఉన్నాడు?" అని పైకే అడిగేవాణ్ణి. ఒకసారి నరసరావుపేటలో వెనక వరసలోంచి జవాబొచ్చింది: "అది నేను కనుక్కొనొస్తాగానీ, నువ్వు ముందు కూకో సామీ." మా అక్క నాతో సినిమాకు రావడం ఆ రోజుతోనే మానేసింది. (ఆమెను మళ్ళీ రమ్మని ఒప్పించడం కంటే, దేవుడు లేడని మా అమ్మను ఒప్పించడమే తేలిక.)

డిగ్రీ అయిపోయి, పగలు ట్యుటోరియల్‌లో పాఠాలు చెబుతూ, సాయంత్రాలు హేతువాద సంఘం పనులతో తిరిగే కాలమది. గురజాల వైపు ఒక ఊళ్ళో సినిమా వేసి మాట్లాడే పని సంఘం నాకు అప్పగించింది. ఊరి పేరు చెప్పను, ఇప్పుడు వాళ్ళు నాకు స్నేహితులు. పంచాయతీ ఎన్నికల తర్వాత ఆ ఊరు పై బజారు, కింద బజారుగా నిలువునా చీలింది. ఒకరి టీకొట్టు గడప ఒకరు తొక్కరు, ఒకరి పెళ్ళి భోజనం ఒకరు తినరు. "ఒక్క రాయి లేచిందంటే ఈ చుట్టుపక్కల మీ సభలకు మళ్ళీ పర్మిషన్ ఉండదు" అని ఎస్సై ముందే తేల్చి, కాపలాకు ఒక కానిస్టేబుల్‌ను ఇచ్చాడు. బాణామతి, చేతబడి అంటూ మనుషుల్ని కొట్టే ఊళ్ళు ఇంకా ఉన్న రోజులు. మా సభలు ఆగిపోవడమంటే చిన్న విషయం కాదు. "జాగ్రత్తరా, ఇన్నేళ్ళ పని నీ చేతిలో పెడుతున్నాం" అన్నారు మా సంఘం పెద్దాయన. నేను జాగ్రత్త పడ్డాను. అంటే, అరగంట ఉపన్యాసం కంఠతా పట్టాను.

సినిమా పాతది, విదేశీది, మాటల్లేనిది. రెండు రాజ్యాలు, మధ్యలో ఒక బోడిగుట్ట, గుట్ట మీద ఒక మేక. ఆ గుట్ట కోసం యుద్ధం. (కోడిపందెం మీద యుద్ధం చేసుకున్న నేల మాది. ఈ కథ మా వాళ్ళకు వింతగా ఉంటుందన్న భయం నాకు ఏ కోశానా లేదు.)

చీకటి పడేసరికి బడి ఆవరణలో రెండు గుంజలకు తెల్లగుడ్డ కట్టాం. పై బజారు వాళ్ళు ముందొచ్చి తెర ఎదుట కూర్చున్నారు. తర్వాత కింద బజారు వాళ్ళు వచ్చి అక్కడే ఆగిపోయారు. "ఏందీ, వాళ్ళ ఈపులు చూస్తా కూకోవాల్నా?" అని ఒక పెద్దమనిషి అన్నదే తడవు, అందరూ చాపలతో సహా తెర వెనక్కి వెళ్ళిపోయారు. నేను బతిమాలుతూ వాళ్ళ వెనకే పరిగెత్తాను. మాచర్ల నుంచి ప్రొజెక్టర్ తెచ్చిన మా బొమ్మల భాయి మాత్రం నింపాదిగా అన్నాడు: "గుడ్డ పల్చంది సారూ, అటు గూడా కనపడిద్ది. కుడి ఎడమయిద్ది, అంతేగా."

నేను లేచి, "యుద్ధమనేది పాలకవర్గాల..." అని మొదలుపెట్టాను. "ఒరేయ్ అబ్బాయ్," అంది ముందు వరసలో ఒక అవ్వ, "నువ్ జెప్పేది బొమ్మలో ఉందా, లేదా? ఉంటే మాకూ కనపడిద్దిగా, తప్పుకో." తెర వెనక నుంచి ఈలలు పడ్డాయి. రెండు బజార్లూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి అంశం, నా ఉపన్యాసం అక్కర్లేదని.

బొమ్మ మొదలైంది. "కుడిచేతి పక్క నించి వచ్చేది మన సైన్యం రోయ్" అని పై బజారు కుర్రాడొకడు అరిచాడు. కుడిచెయ్యి శుభం కదా, వెనక వాళ్ళూ అదే అనుకున్నారు. కానీ వాళ్ళ కుడి వీళ్ళకు ఎడమ! ఒక సైన్యం ముందుకు దూకితే ఇటు కేకలు, రెండోది దూకితే అటు చప్పట్లు. "మీవోళ్ళు పరిగెత్తుతున్నార్రోయ్!" "మీవోళ్ళకు కాళ్ళు వణుకుతున్నాయ్, చూసుకో!" మీసాల మీద చేతులు పడ్డాయి. ఎవరో తుండు నడుముకు బిగించారు. కానిస్టేబుల్ లాఠీ పట్టుకుని లేచాడు. ఇన్నేళ్ళ పనీ నా కళ్ళముందే కూలిపోతోంది.

సరిగ్గా అప్పుడు తెర మీద రెండు సైన్యాలూ గుట్ట కింది బురదవాగులో పడ్డాయి. లేచేసరికి అందరూ ఒకటే రంగు. ఎవడు ఎవడో తెలియక సొంతవాణ్ణే పొడవబోతున్నారు. శత్రువుకు సెల్యూట్ కొడుతున్నారు. రెండు బజార్లలోనూ అరుపులు ఆగిపోయాయి. కాసేపటికి వెనక నుంచి ఒక గొంతు, బాగా దిగులుగా: "ఒరేయ్, మనోడేడ్రా?"

ముందు నుంచి జవాబు: "మావోడే మాకు కనపళ్ళా, మీవోడి సంగతి మాకేం తెలుసు బావా!"

బావా! ఎన్నికల తర్వాత తెర ఇటు నుంచి అటు దాటిన మొదటి చుట్టరికం అది. ఎవరో కిసుక్కుమన్నారు. ఈలోపు మేక తాపీగా దిగి వచ్చి రెండు జెండాలూ నమిలింది. "అదిగో మీ సర్పంచి!" అన్నారు వెనక వాళ్ళు. "మా సర్పంచి ఒక జెండానే తింటాడు. రెండూ తినేది మీ పాత సర్పంచి!" అన్నారు ముందు వాళ్ళు. "ఇద్దరూ తింటార్లేరా" అంది అవ్వ. అటూ ఇటూ ఒక్కసారిగా గొల్లుమన్నారు.

కానిస్టేబుల్ పక్కకు వెళ్ళి ఫోన్లో చెబుతుంటే విన్నాను: "గొడవేం లేదు సార్, నవ్వుతున్నారు... రెండు వైపులా సార్... ఎవర్ని చూసా? మేకను చూసి సార్."

రెండోసారి వెయ్యాల్సిందేనన్నారు. ఈసారి ముందు మేము కూర్చుంటామని కింద బజారు, మేమెందుకు లేస్తామని పై బజారు కాసేపు వాదించుకున్నాయి. చివరికి అవ్వ కాస్త జరిగి తన చాప మీద చోటు చూపించింది. ఒకరొచ్చారు, తర్వాత ఇంకొకరు. మర్నాడే ఊరు కలిసిపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కానీ మా సభలకు అనుమతి మాత్రం ఆగలేదు. తర్వాతి ఏడాది ఆ ఊరివాళ్ళే మమ్మల్ని పిలిచారు, పాత, కొత్త సర్పంచులిద్దరి సంతకాలతో.

ఆ రాత్రి జీపులో తిరిగొస్తూ నేను మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. "ఏంది సారూ, అంతా మంచిగా అయిందిగా?" అన్నాడు భాయి. "అయింది భాయీ, కానీ ఆ సినిమాలోని వ్యంగ్యం, రాజకీయార్థం ఒక్కరికీ ఎక్కలేదు" అన్నాను, నిజమైన బాధతో. భాయి రోడ్డు వైపు తిరిగి తనలో తాను చాలాసేపు నవ్వుకున్నాడు. ఎందుకు నవ్వాడో నాకు తెలియడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. గెలిచిన యుద్ధం నుంచి ఓడినవాడిలా ఇంటికి పోతున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే, ఇప్పుడు నేనూ అలాగే కిటికీ వైపు తిరిగి నవ్వుకుంటాను.